జంబన్న మాస్టారి వాదన పాఠం

జంబన్న మాస్టారు తరగతిలోకి రాగానే, పిల్లల బెంచీల మీద రాలిన పక్కనున్న పవర్ ప్లాంటు బూడిదను దేవుడి పటం తుడిచినంత భక్తిగా రుమాలుతో తుడుస్తారు. ఎవరికీ ఎదురు చెప్పరు. అలాంటాయన ఇంటర్‌లాంటి పీయూసీ రెండో ఏడాది ఇంగ్లిషుకు చదవడం, రాయడం, వాదించడం అని ఇష్టంగా ప్రణాళిక వేసుకున్నారు. వాదించడం పరీక్షలో రాదని ప్రిన్సిపాలు కొట్టేస్తే, "మంచిది సార్" అని రుమాలు మడుచుకున్నారు. సుద్దముక్కల కోసం ప్రిన్సిపాలు గది గుమ్మంలో నిలబడ్డ విద్యార్థిని నవ్యశ్రీ ఊరుకోలేదు. "సార్, వాదించుడు తీసేస్తే, రేపు మార్కులు తక్కువేసినప్పుడు మేమెట్ల అడగాలె?"

ప్రిన్సిపాలు మళ్లీ పెన్ను తీశారు. కొట్టేసిన పాఠం పక్కన "ఉండనీ" అని రాశారు. "ఏంది జంబన్నా, పిల్లకు గిట్ల మాట్లాడుడు నువ్వే నేర్పినవా?"

మాస్టారు భయంగా చేతులు కట్టుకున్నారు. "లేదు సార్, ఆ పాఠం ఇంకా మొదలే వెట్టలె."