నాన్న అనకూడని చలికాలం

మామిడి వ్యాపారం చేసే ఇళ్ళల్లో చలికాలాన్ని ఖాళీ కాలం అంటారు. అన్నవాళ్ళు మగవాళ్ళే అయి ఉంటారు. కాయ ఉండదు, లారీలు రావు. తోటలకు మందు కొట్టించడం, పూత ఎలా కడుతోందో చూసి రావడం తప్ప మా ఆయనకు పెద్దగా పని ఉండదు. అయ్యప్ప మాలలు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. దేవుడు నూజివీడు వ్యాపారుల వీలు చూసే ఈ కాలం పెట్టాడేమో అని ఆయనే నవ్వేవారు.

ఆ ఏడు ఆయన మొదటిసారి మాల వేసుకున్నారు. మా అబ్బాయి పుట్టగానే ఊపిరాడక అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు మొక్కుకున్న మొక్కు అది. కాబట్టి నేను కాదనలేను, కాదనలేదు కూడా. దేవుడి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ చలికాలమంతా నాకున్న కోపం పొయ్యి మీద, గిన్నెల మీద, బావురుమనే పిల్లల మీద, నేల మీద చాప వేసుకుని ప్రశాంతంగా నిద్రపోయే మనిషి మీద.

మాల వేసిన ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెప్పినా ఆ అలుపు అర్థం కాదు. తెల్లవారకముందే ఆయన చన్నీళ్ళ స్నానం చేసి పూజకు కూర్చుంటారు. అంతకుముందే నేను లేచి, ఇల్లు తుడిచి, తలస్నానం చేసి, ప్రసాదం పొయ్యి మీద పెట్టాలి. ఆయన గిన్నెలు వేరు, ఆయన వంట వేరు. నిన్నటిది పనికిరాదు, పిల్లలు వేలు పెట్టింది పనికిరాదు. మా వాడికి ఏడాది నిండలేదు, వాడు వేలు పెట్టని వస్తువు ఇంట్లో లేదు. తడి జుట్టు ముడేసుకుని, చంకలో దగ్గుతున్న పిల్లాడితో రెండో వంట మొదలుపెట్టేసరికి తల ప్రాణం తోకకు వచ్చేది. నెలసరి రోజుల్లో అయితే ఇద్దరు పిల్లల్నీ, గుడ్డల సంచినీ వేసుకుని పక్క వీధిలో మా పిన్ని వాళ్ళ మేడ మీద గదిలో ఉండేదాన్ని. సొంత ఇంటి గుమ్మం దూరంగా కనిపిస్తుంటే ఏడుపొచ్చేది.

పైగా మాటలు మారిపోయాయి. మాల వేసుకున్న మనిషిని ఇంటిల్లిపాదీ స్వామీ అనే పిలవాలి. ఆయనకు ఆడవాళ్ళందరూ మాతలు. పెళ్ళయిన నాటి నుంచి నన్ను “ఇదిగో” అని తప్ప పిలవని మనిషి ఒక్కసారిగా “మాతా, కాస్త మంచినీళ్ళు” అనడం మొదలుపెట్టారు. మొదటిరోజు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది.

నా సంగతి సరే. మా అమ్మాయికి నాలుగేళ్ళు. దానికి నాన్న అంటే ప్రాణం. మాల వేసిన రోజు గుళ్ళోనే ఆయన నల్లపంచె పట్టుకుని “నాన్నా, ఎత్తుకో” అంది. మాల వేసిన గురుస్వామి పెద్దాయన, మంచివాడు, నవ్వుతూనే చెప్పాడు.

“ఇప్పుడు నాన్న లేడమ్మా. స్వామి ఉన్నాడు. కొండకెళ్ళొచ్చాక నాన్న వస్తాడు. అందాకా స్వామీ అనాలి, ఏం?”

అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. వాళ్ళ నాన్న ముఖంలోకి చూసి, నా వైపు చూసి, మళ్ళీ ఆయన్నే చూసింది.

ఆయన కన్నెస్వామి, అంటే తొలిసారి వేసుకున్నవారు. తొలిసారి వాళ్ళకు నిష్ఠ ఎక్కువ, ఎక్కడ తప్పు జరుగుతుందోనని భయం ఇంకా ఎక్కువ. పిల్లాడి ప్రాణానికి మొక్కిన మొక్కు కదా. అమ్మాయి నాన్నా అంటే పలికేవారు కాదు. పేపరు చూస్తూనో, గోడ కేసి చూస్తూనో కూర్చునేవారు. అది పిలిచి పిలిచి, గొంతు తగ్గించి, చివరికి “స్వామీ” అనేది. అప్పుడు “ఏం తల్లీ” అని తిరిగేవారు.

“చిన్నపిల్ల కదండీ, ఒక్కసారి పలికితే ఏం పోతుంది?” అన్నాను ఒకరోజు.

“అండీ కాదు, స్వామీ అనాలి మాతా” అన్నారు ఆయన, చాలా శాంతంగా. చేతిలో ఉన్న అప్పడాల కర్ర కింద పెట్టి వెళ్ళిపోయాను, లేకపోతే ఏం చేసేదాన్నో.

క్రిస్మస్ సెలవులు ఇచ్చారు. ఎదురింటివాళ్ళు కాగితం నక్షత్రం కట్టారు. అది చూసి అమ్మాయి తనకూ కావాలని ఏడిచింది. అప్పటిదాకా స్కూలుకు పోయి నాకు కాస్త ఊపిరి ఇచ్చిన పిల్ల ఇప్పుడు రోజంతా ఇంట్లో. పూజగది తలుపు దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చునేది. లోపల ఘంట మోగుతుంటే బయట నుంచి సన్నగా “స్వామీ, స్వామీ” అంటూ ఉండేది. పనేమీ ఉండేది కాదు, ఊరికే పిలిచేది. నేను బలవంతంగా లేపి తీసుకొచ్చేదాన్ని.

ఆ సెలవుల్లోనే ఊరి బయట ఒక మామిడితోటలో స్వాములందరికీ భిక్ష పెట్టారు. భిక్ష అంటే మధ్యాహ్నం భోజనమే. చుట్టుపక్కల మండలాల నుంచి కూడా వ్యానుల్లో వచ్చారు. షామియానా, మైకులో భజన, చెట్ల కింద బారులు తీరిన విస్తళ్ళు. ఎటు చూసినా నల్లపంచెలే. ముదురు తోట, కొమ్మలు నేలకు వాలి ఉన్నాయి, మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా, చీకటిగా ఉంది. చివరి కొమ్మలకు పూత అప్పుడే తొంగిచూస్తోంది. మావారు దాన్ని చూసి సంబరపడ్డారు.

వడ్డనకు ఆడవాళ్ళు కూడా చెయ్యి వేయాలన్నారు. అమ్మాయిని “స్వామి దగ్గర కూర్చో” అని ఆయన పక్కన కూర్చోబెట్టి, పిల్లాణ్ణి చంకన వేసుకుని కూరలు అందిస్తున్నాను. కాసేపటికి ఆయన ఒక్కరే కనిపించారు.

“అమ్మాయేదండీ?”

“నీ దగ్గరికే వస్తానని లేచింది కదా.”

మాతా అనడం మర్చిపోయారు.

మొదట నీళ్ళ డ్రమ్ముల దగ్గర చూశాను, తర్వాత పిల్లలు ఆడుకుంటున్న ట్రాక్టరు దగ్గర. వంటల దగ్గర మరుగుతున్న సాంబారు గుండిగ కనిపించగానే కళ్ళు మూసుకున్నాను. ప్రతి చెట్టూ ఒకేలా ఉంది, ప్రతి చెట్టు కిందా ఎవరో ఒక స్వామి నడుం వాల్చి ఉన్నాడు. “ఎర్ర స్వెట్టరు పాప కనిపించిందా స్వామీ?” అని అడుగుతూ తిరిగాను. “ఇందాక ఇక్కడే స్వామీ స్వామీ అంటూ తిరిగిందమ్మా” అన్నాడొకాయన. “ఏ స్వామి వెనకాల?” అన్నాను. ఆయన చుట్టూ చూసి తల గోక్కున్నాడు.

దానికి తెలిసిన గుర్తు నల్లపంచె ఒక్కటే. అది నడుము ఎత్తు కూడా లేని పిల్ల, దానికి ముఖాలు కనిపించవు. నాన్నా అని అరిస్తే వందమందిలో ఒక్కరే తిరిగేవారు. స్వామీ అంటే అందరూ పలికారు.

తోట చివర నేలబావి ఉందని ఎవరో అన్నారు. గట్టు లేని బావి.

ఆ తర్వాత ఎలా పరుగెత్తానో తెలియదు. పిల్లాణ్ణి ఎవరి చేతుల్లో పెట్టానో కూడా గుర్తులేదు. బావి చుట్టూ గడ్డి, అంచు ఎక్కడుందో తెలియకుండా పెరిగి ఉంది. నీళ్ళ మీద మామిడాకులు. కాపలా మనిషి చిక్కం కట్టిన పొడుగాటి గడ తెచ్చాడు. ఏటా ఎండాకాలంలో మామిడికాయలు కోసే గడ అది, కొసన వలసంచి ఉంటుంది. మా ఆయన దాన్ని లాక్కుని తానే నీళ్ళలోకి దించారు. గడ అడుగున దేనికో తగిలినప్పుడల్లా నాకు పైప్రాణాలు పైనే పోతున్నాయి. ఒకసారి బరువుగా పైకొచ్చింది. నేను చూడలేక ఒడ్డున కూలబడ్డాను. కుళ్ళిన కొబ్బరిమట్ట అది.

నేను దేవుణ్ణి తిట్టాను. పిల్లాణ్ణి ఇచ్చి పిల్లను తీసుకుంటావా, ఇదేనా నీ లెక్క అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన విన్నారు. పెదాలు కదులుతున్నాయి, శరణం చెబుతున్నారో, పిల్ల పేరే తలుచుకుంటున్నారో తెలియలేదు. మెడలో మాల గడకు చుట్టుకుంటే విడదీసుకుని మళ్ళీ దించారు.

అప్పుడు షామియానా వైపు మైకులో భజన ఆగింది. గురుస్వామి గొంతు వినిపించింది.

“స్వాములూ, అందరూ ఒక్క నిమిషం వినాలి. బాపులపాడు స్వాముల వ్యానులో ఎవరో పాప వెళ్ళిపోయిందంట. ఇప్పుడే ఫోన్ చేశారు. పాపకి తండ్రి లేడంట. అడిగితే నాన్న లేడు అంటోందంట. తల్లిగారు ఇక్కడ ఎవరైనా ఉంటే మైకు దగ్గరకి రండమ్మా.”

ఆయన తల ఎత్తి విన్నారు. మళ్ళీ గడ పట్టుకున్నారు.

“మనమ్మాయి కాదు. దానికి నేనున్నాను కదా” అన్నారు.

నేను లేచి పరుగెత్తాను. మైకు దగ్గర గురుస్వామి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

“ఎర్ర స్వెట్టరా అండీ?” అన్నాను.

“అవునమ్మా, ఎర్రదే” అన్నాడు అవతలి ఆయన. పాపం ఆయనా బిక్కచచ్చి ఉన్నాడు. “వ్యానెక్కి అందరినీ స్వామీ స్వామీ అంటుంటే మాలో ఎవరి పాపో అనుకున్నాం అండీ. ఒకరి ఒళ్ళో పడుకుని నిద్రపోయింది. నేను అతని కూతురనుకున్నా, అతను నా కూతురనుకున్నాడంట. ఇక్కడ దిగాక గానీ తెలీలేదు. నాన్న పేరేంటంటే నాన్న లేడు, స్వామి అంటోంది. అమ్మ పేరడిగితే మాత అంటోంది. మాకేం అర్థం కాలేదమ్మా.”

“ఏడుస్తోందా?”

“లేదండీ. అరటిపండు తింటోంది.”

నేను అక్కడే, అంతమంది మధ్య, నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. గురుస్వామి నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆయనకు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తొచ్చినట్టుంది, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఎవరో వెళ్ళి మా ఆయనకు చెప్పారు. ఆయన బావి దగ్గర నుంచి వస్తుంటే చూశాను. పంచె మోకాళ్ళ దాకా బురద. నా ముందుకొచ్చి నిలబడి, “నాన్న లేడందా?” అని అడిగారు. నేను తల ఊపాను.

వ్యాను వెనక్కి తిప్పుకుని వస్తున్నామన్నారు. మేం తోట బయట తారురోడ్డు మీద నిలబడ్డాం. పిల్లాణ్ణి ఎవరో తెచ్చి నా చేతికిచ్చారు, ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పొద్దు వాలుతోంది, చలి మొదలైంది. దూరంగా ఏ బండి వచ్చినా ఆయన రోడ్డు మధ్యకు వెళ్ళిపోతున్నారు. ఫోన్‌లో చెప్పిన మాట నిజమే అయినా, కళ్ళతో చూసేదాకా నాకు నమ్మకం లేదు. దారిలో ఏమైనా అయితే అన్న ఆలోచన ఒకటి బుర్రలో తొలుస్తూనే ఉంది. నా పక్కన ఇంకో పదిమంది స్వాములు వచ్చి నిలబడ్డారు. అందరివీ నల్లపంచెలు, అందరి మెడల్లోనూ మాలలు, అందరి నుదుటా విభూతి.

వ్యాను ఆగింది. గడ్డం నెరిసిన ఒక స్వామి అమ్మాయిని ఎత్తుకుని దిగాడు. జుట్టు రేగిపోయి ఉంది, బుగ్గ మీద నిద్ర చారలు. నన్ను చూసి చేతులు చాచింది. పిల్లాణ్ణి పక్కావిడకు ఇచ్చేసి దాన్ని గుండెకు హత్తుకున్నాను. అది నా మెడ గట్టిగా పట్టుకుంది.

ఆయన దగ్గరికొచ్చారు. తారు మీదే, అందరూ చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. దీక్షలో ఉన్నవాళ్ళు అలా మాట్లాడతారా లేదా అని ఆ క్షణాన ఆయన ఎవరినీ అడగలేదు.

“నాన్నని తల్లీ. నేను నాన్ననే. ఎక్కడికీ వెళ్ళలేదు. నాన్నా అని పిలువమ్మా. ఒక్కసారి పిలువు” అన్నారు. మాటలు ఏడుపులో మునిగిపోయాయి.

అది నా భుజం మీద నుంచి ఆయన్ని చాలాసేపు చూసింది. చుట్టూ నిలబడ్డ స్వాములందరినీ చూసింది. తర్వాత నా చెవి దగ్గరకు నోరు తెచ్చి, ఆయనకు వినపడకుండా మెల్లగా అడిగింది.

“అమ్మా, ఆ స్వామి ఎందుకు ఏడుస్తున్నాడు?”