చూడొద్దన్న మొఖం

పొద్దున తొమ్మిది ఇరవైకి మా బాపు పంతులుకు ఫోన్ చేశాడు. మా ఇండ్లల్లో బిడ్డ పుడితే ముందు చేసే పని అదే. పంతులు పుట్టిన సమయం అడిగి, చూసి చెప్పాడు: మూల నక్షత్రం, మొదటి పాదం. తండ్రికి గండం. శాంతి చేయించేదాకా తండ్రి పిల్ల మొఖం చూడొద్దు. ఆ తర్వాత కూడా ముందు గిన్నెలో నూనె పోసి, అందులో నీడ చూడాలి.

అప్పటికి నా బిడ్డ పుట్టి గంట కూడా కాలేదు. మా అత్తగారి ఊరు ఎల్లారెడ్డి దవాఖానలో, నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి తీశారు. ఊపిరి ఆడటం లేదు, కామారెడ్డికి తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సు వాకిట్లోకి వచ్చింది. నా భార్యకు ఇంకా మత్తు దిగలేదు.

నర్సమ్మ బయటికొచ్చి, "తండ్రెవరు?" అన్నది. చేయెత్తాను.

"అంగీ విప్పు. పిల్లను నీ రొమ్ముకు ఆనించి కడత. దారిల సల్లబడొద్దు."

గుండీలు విప్పుతుంటే బాపు నా చేయి పట్టుకున్నాడు. "నువ్వు చూడొద్దు బిడ్డా. మూల."

"పిల్ల బతికితేనే కద పెద్దయ్యా గండం!" అన్నది నర్సమ్మ.

"మా ఇంటి సంగతి నీకెందుకమ్మా?"

మా అత్త అప్పటికే పిల్లను రెండు తువ్వాళ్లలో చుట్టుకొని అంబులెన్సు ఎక్కింది. "మీ పంచాయితి కామారెడ్డిల వెట్టుకోండ్రి, నేను బండి తీస్తున్న," అని డ్రైవరు కసిరాడు. నేను ముందు సీట్లో కూర్చోబోతే బాపు అక్కణ్నుంచీ దింపాడు. అద్దంలో మొఖం కనబడుతుందట.

బామ్మర్ది బైకు మీద వెనక పోయాను. చలికాలం. గుండీలు పెట్టుకోవడం మరిచిపోయాను. లింగంపేట దాటినా గాలి రొమ్ముకు కొడుతూనే ఉంది.

కామారెడ్డిలో డాక్టరమ్మ తువ్వాళ్లు విప్పి పాదాలు పట్టి చూసింది. "ఇంత సల్లగ తెచ్చిండ్రేంది? ఒంటికి ఆనించుకొమ్మని ఎవరూ చెప్పలేదా?" మా అత్త నేల చూసింది.

పిల్లను వెచ్చటి పెట్టెలో పెట్టి ఊపిరికి గొట్టం వేశారు. చుట్టాలందరూ అద్దం ఇవతల నిలబడి చూసి వచ్చారు. నన్ను మెట్ల దగ్గర కూర్చోబెట్టారు. మరునాడు మధ్యాహ్నం బాపు వచ్చి భుజం మీద చేయి వేశాడు.

"ఇగ చూడొచ్చు బిడ్డా. దోషం పోయింది."

ఆ మాటను నేను క్షమించలేదు. పిల్ల చనిపోయింది చల్లబడా, ఊపిరితిత్తులు ఎదగకా అని డాక్టరమ్మను అడిగాను. రెండూ అన్నది. నా ఒంటి వేడి సరిపోయేదో లేదో నాకు తెలియదు. తెలుసుకోనియ్యలేదు. నా కోపమంతా అక్కడే ఉంది. పరామర్శకు వచ్చినవాళ్లు రాత అన్నారు. రాత కాదు. మా మనుషులు పట్టపగలు, దవాఖాన వాకిట్లో, నలుగురి ముందు చేసిన పని.

నా భార్య కుట్లు విప్పించుకొని వచ్చిన రోజు ఒక్కటే అడిగింది: "కండ్లు ఎట్లుండే?"

నేను చూసేటప్పటికి మూసి ఉన్నాయి.

మొన్న మా చెల్లెలు కాన్పుకు ఇంటికొచ్చింది. కొడుకు పుట్టాడు. బాపు ఫోన్ తీశాడు, నా వైపు చూశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మా ఇంట్లో ఇప్పుడు నక్షత్రం అడగడం లేదు.