హొసకోట చెరువు కట్ట మీద రెడ్డెప్పగారి కేక

నాతోపాటు ఒకే గదిలో మూడేళ్ళున్న శ్రీనివాసులు, అందరి నోట్లో సీనా, డెంగీ జ్వరంతో పోయి నెల దాటింది. పోయిన శనివారం వాళ్ళ నాయన రెడ్డెప్పగారు వాడి సామాను తీసుకెళ్ళడానికి మదనపల్లె దగ్గరి పల్లె నుంచి మేముండే కుందలహళ్ళికి వచ్చారు. సామానంటే ఎంత, ఒక సూట్‌కేసు, చుట్టి కట్టిన పరుపు, మెడలో వేసుకునే దుర్భిణి. సీనా వారమంతా టెక్ పార్కులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం మాత్రం చీకటితోనే లేచి చెరువుల వెంట తిరిగేవాడు. పిట్టల్ని చూసొచ్చి వాటి మీద కవితలు కట్టేవాడు. నేను ముసుగుతన్ని పడుకుంటే దుప్పటి లాగి మరీ వినిపించేవాడు. సంతాపసభలో ఆఫీసువాళ్ళు వాణ్ణి పిట్టల కవి అన్నారు. ఆ మాట రెడ్డెప్పగారికి కొరుకుడు పడలేదు.

“పిట్టలు చేన్లో పడితే తరమాల గానీ, వాటిమింద రాసేదేందప్పా?” అని అడిగారు నన్ను. “వాళ్ళమ్మ రోజూ అడగతా ఉండాది, బిడ్డ ఏం రాసినాడని. నేనేం చెప్పేది? వాడు యాడ కూర్చోని చూస్తా ఉన్నాడో ఆడికి నన్ను తీస్కపో. ఆడనే నాకు చదివి చెప్పు.”

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. వాళ్ళది జొన్నా వేరుశనగా పండించే ఇల్లు. కంకి పాలు పట్టిన రోజు నుంచి కోత దాకా మంచె మీద నిలబడి, వడిసెలతో రాళ్ళు విసురుతూ, కేకలు వేస్తూ పిట్టల్ని తోలడమే పని. సీనా కూడా బడి లేని రోజుల్లో ఆ మంచె మీదే పెరిగాడు. అలాంటి ఇంట్లోంచి పిట్టల్ని ముద్దుచేసే కవి పుట్టాడంటే ఏ తండ్రికైనా వింతే.

సీనాకి ఇష్టమైన చెరువు హొసకోటలో ఉంది. మదనపల్లె బస్సులు ఆ దారినే పోతాయి కాబట్టి, చెరువు చూపించి అక్కడే ఆయన్ని బస్సెక్కించవచ్చని సామానంతా తీసుకునే బయల్దేరాం. ఆదివారం ఆరున్నరకు కుందలహళ్ళిలో సిటీ బస్సు ఎక్కితే ఏడుకల్లా కె.ఆర్.పురంలో ఉన్నాం. అక్కడి నుంచి ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద హొసకోట బస్సులు వస్తూనే ఉంటాయి, టికెట్ కూడా ఎక్కువేం కాదు. రైల్వే స్టేషన్ దగ్గర బండి మీద ఇడ్లీలు అమ్మే ఒకావిడ మా మాటలు విని కన్నడం వదిలి తెలుగులోకి దిగింది.

“పరుపు కట్టుకోని ఊరికి పోతా ఉండారా అప్పా?”

“మా అబ్బోడి పరుపు,” అన్నారు రెడ్డెప్పగారు.

“అబ్బోడు రాలేదా?”

ఆయన ఇడ్లీ తుంచి చట్నీలో ముంచారు. సంగతి నేనే చెప్పాను. ఆవిడ ఆయన ప్లేటులో మరో రెండు ఇడ్లీలు వేసి, “తినప్పా, బిసిగా, వేడివేడిగా ఉండాయి,” అంది.

హొసకోట బస్టాండు నుంచి చెరువుకి నడిచి కూడా పోవచ్చు గానీ, సామాను ఉంది కాబట్టి ఆటో మాట్లాడుకున్నాం. కట్ట మీదికి ఎక్కేసరికి ఎండ ఇంకా పలచగా ఉంది. నీళ్ళ నిండా బాతులు, ఒడ్డున కొంగలు. పెద్ద పెద్ద కెమెరాలతో నలుగురైదుగురు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సీనా పరుపు చుట్టనే పీటలా వేసి రెడ్డెప్పగారిని కూర్చోబెట్టాను. దుర్భిణి ఇవ్వబోతే, “కనపడతానే ఉండాయి లేప్పా,” అని పక్కన పెట్టేశారు.

కాసేపటికి చెరువు అవతల నుంచి గులాబిరంగు గోరింకల గుంపు వచ్చింది. చలికాలం ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఈ పిట్టలంటే సీనాకి ప్రాణం. గుంపు ఒక చుట్టు తిరిగి, కట్ట కింద ఉన్న జొన్నచేలో దిగింది. అంతే, రెడ్డెప్పగారు దిగ్గున లేచారు. లేని వడిసెల కోసం చెయ్యి తల చుట్టూ తిరిగింది. “హో... హోయ్... హోయ్!” అని ఒక్క కేక పెట్టారు.

గోరింకలు లేచిపోయాయి. వాటితోపాటు బాతులు, కొంగలు, చెరువుకి చెరువే లేచిపోయింది. కెమెరాల వాళ్ళు మా వైపు చూసిన చూపు చెప్పనక్కర్లేదు. ఆయనకి తాను చేసిందేమిటో అప్పుడు తెలిసొచ్చింది. “అలవాటప్పా,” అని పరుపు మీద కూలబడ్డారు. తర్వాత తుండుతో ముఖం తుడుచుకుని, “ఇంక చెప్పు, వాడు రాసింది,” అన్నారు.

ఈ చెరువు మీద వాడు కట్టింది నాకు నోటికొచ్చు. ఆ కేక విన్నాక చివరి ముక్క మింగేద్దామా అనిపించింది. కానీ ఆయన అంత దూరం వచ్చింది వినడానికే. చెప్పాను.

పిట్టల్లారా, ఇక్కడ దిగండి.
ఇక్కడ మంచె లేదు, వడిసెల లేదు.
కడుపు నిండా తినండి.
మా నాయన కేక
ఇంత దూరం వినపడదు.

“ఇంకోసారి చెప్పు,” అన్నారు. చెప్పాను.

“సరిగ్గానే రాసినాడప్పా. ఆస్పత్రిలో వాడి చెవికాడ నోరు పెట్టి పొద్దంతా పిలిచినా, సీనా, సీనా అని. నా కేకకు మూడు చేన్ల అవతల పిట్ట కూడా లేస్తాది. వానికి వినపడలే.”

నాకు ఏడుపు ఆగలేదు. ఆయనే నా వీపు నిమిరారు. అలా కూర్చుని ఉండగానే గోరింకలు మళ్ళీ వచ్చి అదే చేలో దిగాయి. ఆయన చెయ్యి సగం లేచి ఆగింది. “ఎవరి చేనో, పాపం. ఈ పొద్దుకు తిననీలే,” అన్నారు.

బస్టాండుకి తిరిగొచ్చాక పదకొండుకి మదనపల్లె బస్సొచ్చింది. పరుపు పైన వేయించి, సూట్‌కేసూ దుర్భిణీ ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నారు. “పిట్టల్ని కడుపు నిండా తినమని రాసినాడని చెప్తాలేప్పా వాళ్ళమ్మకు. కడమది నా కాడనే ఉండనీ.”

కవితలో ఆ చివరి రెండు పాదాలు సీనా తమాషాకి రాశాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. దుప్పటి కింద విన్నప్పుడు నవ్వాను కూడా. అది చనువో, బెంగో, నాయన మీద చిన్న కోపమో ఇప్పుడు తెలియడం లేదు. వాడుంటే అడిగేవాణ్ణి. వాళ్ళ నాయన మాత్రం అడగాల్సిన పనే లేదన్నట్టు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని, సూట్‌కేసుతోపాటు మోసుకుపోయారు.

హొసకోట చెరువుకి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. సంక్రాంతి దాటకముందే, ఎనిమిదిలోపు కట్ట మీద ఉండండి. పక్కనెవరైనా అరిచి పిట్టలన్నీ లేచిపోతే కోప్పడి వెనక్కి తిరగకండి. అరగంట అక్కడే కూర్చోండి, పిట్టలు తిరిగొస్తాయి.