ప్రతి పేజీ అడుగునా అక్క పేరు

ఒకే ఉదయం పదకొండు వేల ఇళ్ళలోకి తలుపు తట్టకుండా దూరి, ప్రతి ఇంట్లోనూ ఒకే పుస్తకంలో ఒకే మాట రాసి, ఏ కుక్కా మొరగకుండా తిరిగొచ్చిన మనిషి మా అక్క. నమ్మకపోతే మీ ఖర్మ. ఆ ఉదయం ఆమెను స్కూటర్ మీద తీసుకెళ్ళింది నేనే.

బల్ల చుట్టూ నలుగురు కూర్చుని, ఒకరు కథ చెబుతుంటే మిగిలినవాళ్ళు అందులో వీరులై, పాచికలు వేసి భూతాలతో పోట్లాడే ఆటలుంటాయి. వాటి నియమాలే ఇటుకంత పుస్తకాలు. అవి వేసే కంపెనీకి అక్క తొమ్మిదేళ్ళుగా ప్రూఫ్ చూస్తోంది. కామాలు దిద్దడం ఒక్కటే కాదు, లెక్కలు కూడా. ఏ భూతం ఎన్ని దెబ్బలకు పడాలో వంటింటి బల్ల మీద పాచికలు వేసి మరీ చూస్తుంది. మా బావ ఆ బల్ల దగ్గర టీ కప్పు చేతిలో ఉండగానే చాలాసార్లు చచ్చిపోయాడు. నేను కాలేజీని రెండో ఏడు వదిలేశాను, పాపం అది ఇంకా తేరుకోలేదని వింటున్నాను. అక్క మాత్రం దేన్నీ సగంలో వదలదు.

ఇప్పుడు ఆ పుస్తకాలు కాగితం మీదకన్నా కంప్యూటర్ ఫైళ్ళుగానే ఎక్కువ పోతున్నాయి. కొన్నవాడి పేరు వాడి కాపీలో ప్రతి పేజీ అడుగునా సన్నటి బూడిదరంగు అక్షరాల్లో పడుతుంది. దాన్ని ఊరికే పంచిపెట్టాడంటే ఎవడు పంచాడో లోకానికి తెలిసిపోతుంది. ప్రూఫ్ కాపీకీ ఇదే పద్ధతి.

ఈ మధ్య కొత్త పుస్తకం ఫైలును ముందే డబ్బు కట్టిన పదకొండు వేల మందికి పంపారు. మూడో రోజున అదే పుస్తకం ఒక దొంగ సైటులో ఉచితంగా దొరికింది. మూడు వందల నలభై పేజీలు. ప్రతి పేజీ అడుగునా మా అక్క పేరు.

కంపెనీ యజమానిని అందరూ నవ్వుల సారు అంటారు. ఆయన అక్కకు ఒక్క ఫోన్ చేయలేదు. తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని ‘ఏమ్మా, ఇదేంటి’ అని ఒక్క మాట అడగలేదు. కొన్నవాళ్ళంతా చేరి మాట్లాడుకునే కంపెనీ పేజీలో రాసేశాడు: ‘మేం నమ్మిన ప్రూఫ్‌రీడరే మమ్మల్ని అమ్మేసింది.’ పేరుతో సహా. సాయంత్రానికి దాని కింద నాలుగు వందల తిట్లు. ఒకడైతే, ‘భూతం ఎంత కొట్టినా చావట్లేదేంట్రా అనుకున్నా! ప్రూఫ్ చూసే ఆవిడకి దొంగతనంతోనే తీరిక లేదన్నమాట’ అని రాశాడు. వాడి ఇల్లెక్కడో తెలిస్తే నేనీపాటికి ఇంకో కథ రాస్తుండేవాణ్ణి.

మా అక్కకు కోపం వస్తే గొంతు పెరగదు. మర్యాద పెరుగుతుంది.

“తమ్ముడు గారూ, ఆ దొంగ కాపీని తమరు మన కంప్యూటర్లోకి దించగలరా?” అంది.

నేను లేచి నిలబడ్డాను. అలాంటివి వెతకడంలో నేను ఆరితేరినవాణ్ణి, పట్టా ఇవ్వడమే అందరూ మరిచిపోయారు. మూడు నిమిషాల్లో దించాను.

“ఎందుకే అదంతా? ఆ పని వాడి మొహాన కొట్టి ఇంకోటి చూసుకో,” అన్నాడు బావ.

“ఇంకోటి ఎవరిస్తారండీ? నా పేరు వెతికితే మొదట వచ్చేది ఆ పోస్టే.”

అని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. తెరకు స్కేలు ఆనించి, ప్రూఫ్ చూసినట్టే, వరసవరసా.

రెండు వందల పన్నెండో పేజీలో స్కేలు ఆగింది. బొమ్మ మూలన, భూతం తోక కింద, గోరంత పసుపు చీటీ. నొక్కితే తెరుచుకుంది. అక్క రాసిందే: ‘బలం తొమ్మిది వేలు కాదు, తొమ్మిది వందలు. ఇలా వదిలేస్తే ఇది చావదు.’ ప్రూఫ్ చూసి సారుకు తిప్పి పంపినప్పుడు ఆ ఫైల్లో అలాంటి చీటీలు నలభై ఒకటి పెట్టింది. ఈ చీటీలో ఆమె మాట కింద ఇంకో మాట ఉంది, సారు పేరుతో: ‘ఇప్పుడు టైం లేదు, తర్వాత చూద్దాం.’

“ఈ జవాబు నాకు రానేలేదు. ఆయన కంప్యూటర్లోనే ఉండిపోయింది,” అంది అక్క.

అంటే ఆ కాపీ బయటికి పోయింది అక్క దగ్గర్నుంచి కాదు, ఆ జవాబు రాసినాయన దగ్గర్నుంచి.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఆఫీసు, తాళంచెవులు చేసేవాడి కొట్టు మీద రెండో అంతస్తు. మెట్ల నిండా అట్టపెట్టెలు, పక్కకు తిరిగి ఎక్కాలి.

“రామ్మా రా, కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?” అన్నాడు నవ్వుల సారు.

“తర్వాత తాగుతాను సారు గారూ. రెండు వందల పన్నెండో పేజీ తెరవండి.”

సారు గారూ! నేను తలుపు వైపు జరిగాను.

చీటీ చదివాడు. నవ్వు మొహం మీదే ఉంది గానీ దాని వెనక మనిషి లేడు. కాసేపు నసిగి చెప్పాడు. పుస్తకం గురించి నాలుగు మంచి మాటలు రాస్తారని ముగ్గురికి ముందుగా పంపాడట. వాళ్ళ పేర్లతో కొత్త కాపీలు తీసే ఓపిక లేక, అక్క కాపీలో చీటీలు చెరిపేసి అదే పంపాడట. నలభై చెరిపాడు. ఆ ముగ్గురిలో ఎవరు వదిలారో ఆయనకూ తెలియదు.

“పొరపాటు ఎవరికైనా జరుగుతుందమ్మా. ఆ పోస్టు తీసేస్తాలే, సరేనా?”

“నేను దొంగనని చదివినవాళ్ళు చదివేశారు. కాదని ఎక్కడ చదువుతారు?”

“మరి నన్నేం చెయ్యమంటావ్?”

“భూతాన్ని ఎలాగూ దిద్దాలి. కొత్త ఫైలు మొదట్లో సవరణల పట్టిక వేస్తారు కదా, నాదీ అందులో పెట్టండి.”

“అందులో ఆటకి సంబంధించినవే కదమ్మా పెట్టేది!”

“మూడు వందల నలభై పేజీల్లో నా పేరుంది. ఇంకా సంబంధం లేదంటారా?”

ఆయన టైపు కొట్టడం మొదలుపెట్టాడు: ‘అనివార్య కారణాల వల్ల కలిగిన అసౌకర్యానికి...’

“అనివార్యం తీసేయండి. కారణం మీరే,” అంది అక్క, కుర్చీ వెనక నిలబడి.

“అంత మొండితనమైతే ఎలాగమ్మా?”

“తొమ్మిదేళ్ళు నాకు జీతమిచ్చింది ఈ మొండితనానికే కదండీ.”

కీబోర్డు తన వైపు లాక్కుని తనే రాసింది: ‘ప్రతి పేజీ: దొంగ సైటులోని కాపీ బయటికి పొక్కింది ప్రచురణకర్త కంప్యూటర్ నుంచి. ప్రూఫ్‌రీడర్‌కు సంబంధం లేదు. ఆమెను దొంగ అనడం తప్పు.’ భూతం సంగతి దాని కింద, రెండోది.

మీట మాత్రం ఆయన చేతే నొక్కించింది. కొత్త ఫైలు సిద్ధంగా ఉందని పదకొండు వేల మందికీ ఒక్కసారే కబురు వెళ్ళింది.

“ఇంక కోపం పోయినట్టే కదా? వచ్చే పుస్తకం ప్రూఫ్ సోమవారం పంపనా?” అన్నాడు సారు, నవ్వు మళ్ళీ సర్దుకుని.

అక్క అప్పటికే మెట్లు దిగుతోంది.

ఇదంతా రాసి ఆమెకు చూపించాను. స్కేలు అడ్డం పెట్టుకుని చదివి, కాగితం నా ముందు పడేసింది.

“పదకొండు వేల ఇళ్ళేంట్రా? కబురు వెళ్ళింది పదకొండు వేల మందికి. కొత్త ఫైలు దించుకున్నది నిన్నటికి ఆరు వందల ఎనభై మంది. మిగతావాళ్ళ దగ్గర భూతమూ చావలేదు, నేనూ ఇంకా దొంగనే.”