కర్నల్ సాబ్ గేటు ముందు హారన్

దెయ్యం కనపడిందని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది ఒకటే: "బ్యాటరీ చూసినవా?" ఎగతాళి కాదు, నా అనుభవం అలాంటిది. చిన్నప్పటి నుంచి బండ్ల కింద పెరిగినవాణ్ణి. దానంతటదే వెలిగే లైటూ, దానంతటదే తిరిగే వైపరూ ఎన్ని చూశానో లెక్కలేదు. అన్నీ చివరికి ఏ తెగిన తీగ దగ్గరో, ఏ తుప్పు పట్టిన నట్టు దగ్గరో తేలతాయి. ఆదివారం చర్చికి పోతాను, అది వేరే సంగతి. దేవుణ్ణి నమ్మినవాడు దెయ్యాన్ని కూడా నమ్మి తీరాలని ఎక్కడా రాసి లేదు.

అలాంటి నాకే జరిగింది ఇది. నవ్వుకుంటే నవ్వుకోండి, ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పటికింకా సెల్‌ఫోన్లు రాలేదు. నేరేడ్‌మెట్‌లో ఒక స్కూల్లో డ్రైవర్ కమ్ మెకానిక్‌గా చేసేవాణ్ణి. పొద్దున పిల్లల్ని తీసుకురావడం, సాయంత్రం దింపిరావడం, మధ్యలో బస్సు కింద దూరడం. కొత్తగా వచ్చిన టీచర్లు బస్సు కింద నుంచి కాళ్ళు మాత్రమే కనపడితే డ్రైవరు నిద్రపోతున్నాడనుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే నాకు ఒళ్ళు మండేది. స్పానర్‌తో రెండు దెబ్బలు గట్టిగా వేసి మెలకువగానే ఉన్నానని తెలియజేసేవాణ్ణి.

ఆ ఉద్యోగం నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. స్టాఫ్ పిల్లలకి అక్కడ ఫీజు లేదు. మా గ్రేసు అప్పుడు ఆరో తరగతి. నా పని పోతే రెజిమెంటల్ బజార్‌లో ఏ షెడ్డులోనైనా మర్నాడే పని దొరుకుతుంది. గ్రేసుకి మాత్రం అలాంటి స్కూల్లో సీటు కొనే తాహతు నాకు ఈ జన్మలో లేదు. అది రాత్రి అన్నం దగ్గర ఇంగ్లీషులో పాఠం అప్పజెబుతుంటే నేనూ నా భార్య మరియా తినడం ఆపేసి వినేవాళ్ళం. సగం అర్థమయ్యేది కాదు. అయినా కడుపు నిండేది.

నేను నడిపే బస్సుని నాకు ముందు రాజయ్య అనే పెద్దాయన నడిపేవాడు. ఎండాకాలం సెలవుల్లో గుండె ఆగి పోయాడు. జూన్‌లో స్కూలు తెరిచాక బస్సు నా చేతికొచ్చింది. మొదటి రోజే తిరుమలగిరి వైపు పాత బంగళాల సందులో మలుపు తిరిగాను. మలుపులోనే ఒక పెద్ద ఇనుప గేటు. మా పిల్లలెవరూ ఎక్కే చోటు కాదది. సరిగ్గా ఆ గేటు ముందు హారన్ మోగింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి. నా చేయి గేరు మీద ఉంది.

పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను పట్టించుకోలేదు. స్టీరింగ్ తిప్పినప్పుడు లోపల కాంటాక్ట్ తగులుకుంటే హారన్ మోగడం మామూలే. మధ్యాహ్నం స్టీరింగ్ విప్పి, శుభ్రం చేసి, టేపు చుట్టి, ఇది కూడా ఒక రిపేరేనా అనుకుంటూ చాయ్ తాగాను.

మర్నాడు మళ్ళీ అదే గేటు, అదే మోత. ఈసారి గేటు తెరుచుకుంది. ఒక పెద్దమనిషి, ఒక చెంపకి సబ్బు నురగ, ఇంకో చెంప నున్నగా, చేతికర్ర ఊపుకుంటూ బయటికొచ్చాడు. రిటైరైన కర్నల్ అట.

"ఏయ్ డ్రైవర్! నువ్వు కూడా షురూ చేసినవా?"

ఆ 'కూడా' ఏమిటో నాకు అర్థం కాలేదు. బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయా పోచమ్మని అడిగాను. పోచమ్మ వయసులో నాకన్నా పెద్దది, ఆ బస్సులో నాకన్నా పాతది.

"రాజన్నకు గీ సాబుకు కొట్లాట ఉండె తమ్మీ," అంది. "ఒకపారి బర్రె అడ్డమొస్తె హారన్ కొట్టిండు. గీయన ఉరికొచ్చి, నిద్ర కరాబ్ చేసినవని, రాజన్నను కిందికి దింపి పిల్లల ముంగట చెవులు పట్టించిండు. గంత పెద్దమనిషి, పాపం, పట్టుకున్నడు. గా దినం సంది రోజు గీడ ఒక పెద్దది, రెండు చిన్నయి కొట్టుకుంటనే పోయిండు. సారీ చెప్పేదాంక ఇడ్వ అన్నడు. సాబు చెప్పలే, రాజన్న ఇడ్వలే."

"రాజన్న పోయిండు కదక్కా. మరి ఇప్పుడు కొడుతుందెవరు?"

"గదే నేను నిన్ను అడుగుతున్న," అంది పోచమ్మ.

నాకు ముక్కు మీద కోపం. వైరింగ్ సంగతి మాట్లాడుతుంటే మధ్యలో చచ్చినవాళ్ళని తెస్తావేంటని కసిరాను. మర్నాడు బస్సు ముందు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. ఇంట్లో మా మరియ, పాస్టర్ గారితో బస్సు మీద ప్రార్థన చేయిద్దామంటుంది. ఇద్దరిమీదా కేకలేశాను. హారన్‌కి కరెంటు అందించే రిలే మార్చాల్సిన చోట నిమ్మకాయ కడితే ఏ మెకానిక్‌కైనా కడుపు మండదా?

రిలే మార్చాను. మోగింది. హారన్ బటన్ మార్చాను. మోగింది. ఇక్కడొక మాట, మిగతా దారంతా నేను నొక్కితేనే మోగేది. ఆ ఒక్క గేటు దగ్గరే నా మాట వినేది కాదు.

ఇంతలో కర్నల్ సాబ్ స్కూల్ కమిటీకి ఫిర్యాదు చేశాడు. ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచారు. గుంటూరు వైపు ఆవిడ, ఫిజిక్స్ చెప్పేవారు. ఆవిడ గదిలోకి వెళ్ళాలంటే టీచర్లే కొంగు సర్దుకుని వెళ్ళేవాళ్ళు.

"ఏం ప్రభుదాసూ, చెయ్యి ఊరుకోదా నీకు?"

"నేను కొడతలేను మేడమ్. అదే మోగుతుంది."

"అదే మోగడానికి అదేమన్నా కోడిపుంజా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "చూడు, ఇంకొక్క కంప్లెయింట్ వచ్చిందంటే కమిటీ వాళ్ళు నిన్ను ఉంచరు. అమ్మాయి చదువు కూడా చూసుకోవాలి కదా నువ్వు," అన్నారు.

తిన్నగా షెడ్డుకి పోయి హారన్‌కి వెళ్ళే తీగని కోసిపారేశాను. కొసలకి టేపు చుట్టాను. ఇక మోగితే నా పేరు మార్చుకుంటానని పోచమ్మతో పందెం కూడా వేశాను.

మర్నాడు ఆ గేటు ముందు బస్సు పూర్తిగా ఆపాను. కర్నల్ సాబ్ కాపలా కాస్తున్నాడు. ఆయనకి కనపడేలా, పోలీసులకి దొరికిన దొంగలాగా రెండు చేతులూ పైకెత్తాను. హారన్ మోగింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి.

కర్నల్ సాబ్ వంగి కింద వైపు చూశాడు. "కాలుతోని కొడుతున్నవా?" అని అరిచాడు.

"ఇగ నీ పేరేం పెట్టుకుంటవ్ తమ్మీ?" అంది పోచమ్మ.

ఆ రోజే హారన్‌ని మొత్తం ఊడబీకి నా సీటు కింద టూల్ బాక్సులో పడేశాను. హారన్ లేని బస్సు నడపడం ఎంత తక్లీఫో నడిపినవాడికే తెలుస్తుంది. పోచమ్మ ఒక కిటికీలోంచి బస్సు రేకు మీద దబదబ బాదుతూ "జరుగుండ్రి, జరుగుండ్రి" అని అరిచేది. రెండో వైపు నుంచి పిల్లలంతా కూడబలుక్కుని "పాం... పాం..." అనేవాళ్ళు. తిరుమలగిరిలో కూరగాయల బండి వాళ్ళు ఇదేదో ఊరేగింపని దారి ఇచ్చేవాళ్ళు. పిల్లలకి అంతకన్నా సంతోషం లేదు. ముందు సీట్లో మా గ్రేసు ఒక్కతే నవ్వేది కాదు.

మర్నాడు అలాగే గేటు దగ్గరికొచ్చాం. హారన్ మోగింది. టూల్ బాక్సులోంచి, మూత కింద నుంచి, ముక్కు మూసుకుని పాడినట్టు మోగింది.

గ్రేసు నా భుజం మీద చేయి వేసింది. దానికి దెయ్యం భయం లేదు. "డాడీ, నీ జాబ్ పోతుందా?" అని అడిగింది. పదకొండేళ్ళ పిల్ల అడగాల్సిన మాట కాదది. నాకు అప్పుడు ఆ చచ్చిన రాజయ్య మీద నిజంగానే కోపం వచ్చింది. నీ పగ నీ దగ్గర పెట్టుకోరాదా, మధ్యలో నా బిడ్డ నీకేం చేసిందయ్యా అని పైకే అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను, నేను నమ్మనివాణ్ణి కదా.

ఆ మధ్యాహ్నం హారన్‌ని చేత్తో పట్టుకుని మేడమ్ గదికి వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"కరెంటు లేకుండా ఇది మోగదు."

"అవును మేడమ్. నేనూ గదే అంటున్న."

"రేపు నేనొస్తాను. ఇది నా ఒళ్ళో ఉంటుంది," అన్నారు.

ఆ మర్నాడు నా పరిస్థితి పగవాడికి కూడా వద్దు. మోగకపోతే నేను అబద్ధాలకోరుని. మోగితే కర్నల్ సాబ్ ఊరుకోడు. మేడమ్ గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని ముందు సీట్లో గ్రేసు పక్కన కూర్చున్నారు. ఒళ్ళో న్యూస్ పేపరు, దాని మీద హారన్, తీగ ముక్క కూడా లేదు. దారి పొడుగునా పోచమ్మ బాదలేదు, పిల్లలు పాం అనలేదు. నేను మాత్రం ఏ దేవుణ్ణి ఏం అడగాలో తెలియక ఊరికే "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ మలుపు తిప్పాను.

కర్నల్ సాబ్ ఈసారి రోడ్డు మధ్యలోనే నిలబడ్డాడు. బస్సు ఆపాను.

హారన్ మోగింది. మేడమ్ ఒళ్ళోనే. ఒకటి పొడుగు, రెండు పొట్టి.

న్యూస్ పేపరు గడగడలాడింది. మేడమ్ కళ్ళజోడు జారి ముక్కు కొసకొచ్చింది. హారన్‌ని మాత్రం కింద పడెయ్యలేదు, ఆ ధైర్యానికి దండం పెట్టాలి. కర్నల్ సాబ్ చరచర కిటికీ దగ్గరికొచ్చి, తిట్టడానికి నోరు తెరిచి, లోపలికి చూసి, అలాగే ఉండిపోయాడు.

"మేడమ్... మీరా?"

మేడమ్ హారన్‌ని చూశారు. నన్ను చూశారు. పక్కనున్న గ్రేసుని చూశారు. ఆ పిల్ల ఏడవడానికి సిద్ధంగా ఉంది.

"అవునండీ కర్నల్ గారూ, నేనే కొట్టాను," అన్నారు మేడమ్. "టెస్ట్ చేస్తున్నాం. ఇన్నాళ్ళూ హారన్‌లోనే లోపం ఉందండీ. డ్రైవర్ తప్పేమీ లేదు. మా వల్ల మీకు ఇబ్బంది కలిగింది, క్షమించండి."

కర్నల్ సాబ్ ముఖం ఎర్రబడింది. ఆడవాళ్ళ ముందు మర్యాద తప్పే మనిషి కాదనుకుంటాను. "అయ్యో, పర్వాలేదు మేడమ్, పర్వాలేదు," అంటూ బస్సు చుట్టూ తిరిగి నా వైపుకొచ్చాడు. కర్ర చంకలో పెట్టుకున్నాడు.

"డ్రైవర్, సారీ. పిల్లల ముందు గట్ల అనకుండ ఉండాల్సింది. నాదే మిస్టేక్."

"ఒక్క మాట. గీ ఒక్క మాట ముందుగాల్నే అంటె అయిపోతుండె," అని వెనక నుంచి పోచమ్మ గొణిగింది. కర్నల్ సాబ్ విన్నాడో లేదో తెలీదు.

ఆ మధ్యాహ్నమే హారన్‌ని మళ్ళీ బిగించాను. అదే హారన్, అదే తీగ. మర్నాడు గేటు ముందు ఊపిరి బిగబట్టి మలుపు తిప్పాను. చడీ చప్పుడు లేదు. ఆ తర్వాత ఆ స్కూల్లో పనిచేసినన్నాళ్ళూ అది నా చేయి పడకుండా మోగలేదు. దానంతటదే తగ్గిన రోగం దానంతటదే తిరగబెడుతుందని మా మెకానిక్‌లు అంటారు. ఇది తిరగబెట్టలేదు. ఎందుకు మోగిందో, ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలీదు. సారీ చెప్పాడు కాబట్టి ఆగిందని పోచమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది. ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు, కాదనడానికి నోరు రాదు.

మేడమ్ 'నేనే కొట్టాను' అన్న మర్నాడు స్కూల్లో జరిగింది కూడా చెప్పి ముగిస్తాను. మా స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. అబద్ధం చెప్పి దొరికిన పిల్లలు మర్నాడు ప్రేయర్ అయ్యేదాకా జెండా కర్ర పక్కన అందరి వైపూ తిరిగి నిలబడాలి. ఆ పద్ధతి పెట్టింది మేడమే. ఆ రోజు ఆవిడ ప్రేయర్‌కి మామూలుగా ఎక్కే స్టేజీ మెట్లు ఎక్కలేదు. నడుచుకుంటూ వెళ్ళి జెండా కర్ర పక్కన, అందరి వైపూ తిరిగి నిలబడ్డారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎండ తగులుతుందని టీచర్లు కుర్చీ పంపితే వద్దన్నారు. ఈవిడ ఏదో ఇన్‌స్పెక్షన్ చేస్తున్నారని అందరూ అనుకున్నారు. నేను బస్సు పక్కన గ్రీజు గుడ్డ పట్టుకుని చూస్తున్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

అప్పుడు ఆరో తరగతి లైనులోంచి మా గ్రేసు బయటికొచ్చింది. నెమ్మదిగా వెళ్ళి మేడమ్ పక్కన నిలబడింది. మేడమ్ తల తిప్పకుండా ఏదో అడిగారు, ఇది ఏదో చెప్పింది. అంత దూరం నుంచి నాకు వినపడలేదు. సాయంత్రం బస్సులో చెప్పింది.

"నువ్వెందుకొచ్చావ్, నువ్వేం అబద్ధం చెప్పావ్?" అని అడిగారట మేడమ్.

"నిన్న మమ్మీ అడిగితే, బస్సులో ఏమీ జరగలేదని చెప్పాను మేడమ్," అందట గ్రేసు.

"అయితే నిలబడు," అన్నారట. ప్రేయర్ అయ్యేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.