రాణిని తరిమిన మువ్వ

1993లో నేను బోధన్ పశువైద్యశాలలో కాంపౌండర్‌ని. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దారి పొడవునా బారులు తీరే కాలం. మా దగ్గరికి ఎక్కువగా ఎడ్లే వచ్చేవి. కాడి రాపిడికి మెడ మీద పుండ్లు, అరిగిన గిట్టలు. గుర్రం రావడం అరుదు.

పోశెట్టికి రాణి అనే తెల్లని ఆడగుర్రం ఉండేది. పెళ్లి ఊరేగింపులకు కిరాయికి తిప్పేవాడు. ఒకరోజు దాన్ని మా దగ్గరికి నడిపించుకొచ్చాడు.

"సారూ, పట్టుకొని నడిపిస్తే మేకపిల్ల లెక్క వస్తది. మనిషి ఎక్కినంక జర అడుగు జోరైతే ఉరుకుడే. మొన్న వర్ని ఊర్ల పెండ్లిపిలగాన్ని వరిమడిల పడేసింది."

"దెబ్బ తాకిందా?"

"దెబ్బేం లేదు గని, బురదల నుంచి లేస్తే పెండ్లిపిల్ల గుర్తువట్టలే."

నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు. పది రోజుల్లో రెంజల్‌లో మరో పెళ్లి ఉంది. అక్కడా బెదిరితే రాణిని ఇటుకబట్టీకి అమ్మేయడమే అన్నాడు.

కళ్లు, నోరు, గిట్టలు చూశాను. జీనును పొట్ట కింద బిగించే పట్టీని గర్త్ అంటాం. అక్కడా ఒరుసుకున్న పుండు లేదు. ఏమీ తేలలేదు. ఏకాదశి భజన, పురాణ శ్రవణం తప్పని ఇంట్లో పెరిగినవాణ్ణి. భజనలో ప్రసాదంగా ఇచ్చిన ఇత్తడి మువ్వ జేబులో ఉంటే, భక్తిగా రాణి జీను వెనక పట్టీకి కట్టి, "ఇక స్వామి చూసుకుంటాడు" అన్నాను.

మూడో రోజు పోశెట్టి కుంటుతూ వచ్చాడు. "సారూ, మీ మువ్వ కట్టినంక ఇంక జోరుగ ఉరుకుతుంది!"

సిగ్గేసింది. ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లాను. అతని భార్య గంగమణి అరుగు మీద బీడీలు చుడుతోంది. పోశెట్టిని ఎక్కమని, నేను పక్కన నిలబడి చూశాను. నెమ్మదిగా నడిచినంతసేపు బాగానే ఉంది. వేగం పెరగగానే చెవులు వెనక్కి తిరిగాయి.

జీను ముందుకు జారకుండా తోక కింద నుంచి వేసే తోలు పట్టీ క్రప్పర్. దానికి ఎండిన నిమ్మకాయలు, మిరపకాయలు, నల్లదారానికి గవ్వలు, చివర నా మువ్వ వేలాడుతున్నాయి. అడుగడుగుకూ డొక్కకు కొట్టుకుంటున్నాయి. గుర్రానికి కళ్లు పక్కలకు ఉంటాయి, దాదాపు వెనక దాకా కనిపిస్తుంది. ఏదో గంతులేస్తూ తరుముతోందని అది ఉరికేది. ఉరికినకొద్దీ ఆ చప్పుడు పెరిగేది.

"గివన్నీ ఎవరు కట్టిండ్రు చెల్లె?"

"నేనే అన్నా. బెదిరినప్పుడల్లా దిష్టి తగిలిందని ఒక్కొక్కటి కట్టిన."

"జీను కన్న గవే బరువైనయి సారూ," అన్నాడు పోశెట్టి.

"నువ్వు జర ఊకుంటవా? ఆఖరుది సారుదే గద!"

ముందు నాది విప్పాను. గంగమణి తనవి విప్పి తలుపు పైన కట్టుకుంది. పోశెట్టి కాలువ గట్టు దాకా స్వారీ చేసి నవ్వుతూ తిరిగొచ్చాడు.

కానీ పెళ్లిలో బ్యాండు మోగుతుంది, పాతుకున్న భయం ఒక్కపూటలో పోదు. బెదరగొట్టే వస్తువును కొద్దికొద్దిగా అలవాటు చేయడాన్ని డీసెన్సిటైజేషన్ అంటాం. మువ్వను ముందు వాసన చూపించి, బెల్లం కలిపిన తవుడు పెట్టాం. తర్వాత భుజం దగ్గర, ఆపైన డొక్క దగ్గర మోగించాం. రాణి వెనక్కి జరిగితే మేం ఆగేవాళ్లం. గంగమణి చేతికి త్వరగా లొంగింది. నాలుగో రోజుకి మువ్వ మోగితే తవుడు కోసం వచ్చి బీడీల చాటలో మూతి పెట్టింది. "తునికాకు తినకే తల్లీ!" అని ఆమె ఒకటే నవ్వు. పోశెట్టికి నేను చెప్పింది ఒక్కటే: బెదిరితే కళ్లెం గుంజకు, వదులు చెయ్యి.

రెంజల్‌కు నేనూ వెళ్లాను. పెళ్లికొడుకు జూలు గట్టిగా పట్టుకున్నాడు. "అన్నా, వర్నిల పడేసింది గిదేనా?"

"గది వేరే గుర్రం," అన్నాడు పోశెట్టి తడుముకోకుండా. నేను నేల చూపులు చూశాను.

బ్యాండు మొదలైంది. దగ్గర్లో టపాకాయ పేలింది. రాణి బిగుసుకుపోయింది. పోశెట్టి కళ్లెం వదులు చేసి, "ఏం లేదు బిడ్డా" అన్నాడు. అది బుస్సుమని గాలి వదిలి ఒక అడుగు వేసింది, మరొకటి వేసింది. అలా పందిరి దాకా నడిచింది. పెళ్లికొడుకు దిగగానే పోశెట్టి దాని మెడ కావిలించుకుని, "గిది యాడికీ పోదు సారూ" అంటూ పెళ్లివారికన్నా ముందు తనే చిందులు వేశాడు.

గుర్రానికి కళ్లు పక్కలకు పెట్టిన స్వామే నాకు ముందుకు పెట్టాడు. చూడాల్సిన నేను చూడక, ఆ పని ఆయన మీదికి నెట్టాను. అప్పటినుంచి ఏ పశువు వచ్చినా, దాని ఒంటి మీద ఉన్నవాటితోనే ముందు నడిపించి, పక్కన నిలబడతాను. ప్రార్థన కూడా అప్పుడే చేసుకుంటాను, కళ్లు తెరుచుకుని.