గడ్డ తీసినా మళ్లీ వచ్చింది

ఆ ఉదయం బోధన్‌లోని మా ఇంట్లో మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. బహిష్టు ఆగి మూడేళ్లయింది, మళ్లీ మొదలైందేమో అనుకుని బీడీలు చుట్టే చాట ముందేసుకుని కూర్చున్నాను. రెండు రోజులకు తగ్గింది. నెలకు మళ్లీ కనిపించింది. ఊళ్లో డాక్టరుకు చూపిస్తే ఇన్ఫెక్షన్ అని మాత్రలు రాశారు. అలా మూడుసార్లు మింగాను.

నాలుగోసారి రక్తం గడ్డలుగా పడింది. మా ఆయన నిజామాబాద్ తీసుకుపోయాడు. స్కానింగ్, తర్వాత సన్నని గొట్టం పెట్టి లోపల చూసే సిస్టోస్కోపీ. మూత్రాశయంలో గడ్డ ఉంటే లోపలినుంచే తీసి బయాప్సీకి పంపారు. క్యాన్సర్, అయితే మూత్రాశయం గోడ కండరంలోకి పోలేదన్నారు. ఆరు వారాలు బీసీజీ మందు మూత్రాశయంలోకి ఎక్కించారు. ఎక్కించిన ప్రతిసారీ మంట, చలిజ్వరం.

మొదటి చెకప్‌లో బాగుందన్నారు. రెండో చెకప్‌కు నేను పోలేదు. ఒంట్లో బాగానే ఉంది, మళ్లీ ఆ గొట్టం ఎందుకనుకున్నాను. మళ్లీ రక్తం పడ్డాకే పోయాను. ఈసారి కండరంలోకి పోయింది.

“మొత్తం తీసిండ్రు గద సార్, మళ్ల ఎట్లొచ్చింది?” అని అడిగాను.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. “గడ్డ ఒక్కటే ఉండదమ్మా. దాని చుట్టు ఫైబ్రోబ్లాస్ట్స్ అనే కణాలుంటయ్. పుండు మానాలంటే అవే పనిచెయ్యాలె. క్యాన్సర్ వాటిని తన దిక్కు తిప్పుకుంటది. ఇగ దానికి బలమిస్తయ్, లోపలికి తొవ్వ చేస్తయ్, ఒక్కోసారి మందును పనిచెయ్యనియ్యవు.”

“నా ఒంట్లెవే నాకు ఎదురు తిరిగినయా? వాటికి మందు లేదా?”

“పరిశోధనలు నడుస్తున్నయ్. ఇప్పుడు మన చేతిల ఉన్నది కీమో, ఆపరేషన్.”

“చెకప్‌కు రానందుకేనా సార్?”

“అదొక్కటే అని చెప్పలేనమ్మా. వచ్చుంటే జల్ది దొరుకుతుండె.”

ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. తిరుగు బస్సులో మా ఆయన రిపోర్టుల కవరు ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

“మూత్రాశయం తీసేస్తే మనిషి దక్కుతదన్నడు గదా డాక్టరు, తియ్యనీ” అన్నాడు.

“మరి మూత్రం?”

“పొట్టకు సంచి కడతరంట. దాన్ని మార్చుడు నేను నేర్చుకుంట.”

కీమోకు జుట్టు రాలింది, నోరు పూసింది. హైదరాబాద్‌లో మూత్రాశయం తీసేశారు. కుట్లకు చీము పట్టి ఇంకో మూడు వారాలు అక్కడే పడుకున్నాను.

ఏడాది దాటింది. బీడీలు చుట్టడం మానేశాను. సంచి ఆయనే మారుస్తాడు, నర్సు కన్నా శుభ్రంగా. మధ్యాహ్నానికే ఒళ్లు అలిసిపోతుంది. స్కానింగ్ దగ్గరపడితే అన్నం సయించదు. అయినా పోతున్నాను.

ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఒకటే చెబుతాను. చెకప్ తేదీని మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోకండి. ఇంట్లో ఇంకొకరికి చెప్పి పెట్టండి, మీరు బాగానే ఉన్నానన్నా నమ్మని మనిషికి.